నలభై రెండు నోటుపుస్తకాల్లో ఒకే అమ్మ

ఓ ఏడాది జూన్ చివర్లో, కొత్తగా నా చేతికొచ్చిన తొమ్మిదో తరగతి పిల్లల్ని ‘మై మదర్’ మీద ఇంగ్లీషులో పది వాక్యాలు రాసుకురమ్మన్నాను. మర్నాడు టేబుల్ మీద నలభై రెండు నోటుపుస్తకాలు పేర్చారు. సాయంత్రం దిద్దడానికి కూర్చుంటే పదో పుస్తకం దగ్గరికి వచ్చేసరికి సంగతి అర్థమైంది. అందరి అమ్మలూ పొద్దున్నే లేస్తున్నారు. అందరూ రుచిగా వండుతున్నారు. ప్రతి అమ్మా ‘ది బెస్ట్ మదర్ ఇన్ ద వరల్డ్’. ఆ తరగతిలో సగంమంది తల్లులు మిరప కోతలకు వెళ్లేవాళ్లు. ఒకామె గుంటూరులో బట్టల షాపులో పనిచేసేది. ఇద్దరు పిల్లలకు అమ్మ లేదు, అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నారు. ఆ ఇద్దరి పుస్తకాల్లో కూడా అమ్మ పొద్దున్నే లేచి రుచిగా వండుతూనే ఉంది.

స్పెల్లింగులు దాదాపు అన్నీ కరెక్టే. దిద్దడానికి ఏమీ మిగల్లేదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. గైడులోంచి ఎక్కించారని పిల్లల్ని కోప్పడదామంటే నోరు రాలేదు. ఒకటో తరగతి నుంచి మనం నేర్పింది అదేగా. నాలుగు గీతల పుస్తకంలో చూచిరాత, ఆ తర్వాత బోర్డు మీది జవాబులు ఎక్కించుకోవడం, ఆ తర్వాత డిక్టేషన్, చివరికి గైడు. ఎనిమిదేళ్లలో చెయ్యి బాగా తిరిగింది. సొంతంగా ఒక్క వాక్యం కట్టుకోవాల్సిన అవసరం మాత్రం వాళ్లకు ఒక్కసారి కూడా రాలేదు.

మన పదో తరగతి పరీక్షల లెక్కలో తెలుగు ఫస్ట్ లాంగ్వేజ్, హిందీ సెకండ్, ఇంగ్లీషు థర్డ్. అంకె ఏదైనా పిల్లవాడి ఇబ్బంది ఒక్కటే: ఇంట్లో పుట్టి పెరిగిన భాష ఒకటి, కాగితం మీద పెట్టాల్సిన భాష ఇంకొకటి. ఆ రెంటి మధ్య ఏం జరుగుతుందో టీచర్లం ఎక్కువగా చూడం. మనకు చివర్లో వచ్చే కాగితమే కనిపిస్తుంది, దాన్నే దిద్దుతాం. రాయడం నేర్పాలంటే ఆ మధ్య జరిగే పనిలోకి దిగాలని ఆ నలభై రెండు పుస్తకాల తర్వాత నాకు గట్టిగా అనిపించింది. అప్పటినుంచి చదివింది, క్లాసులో చేసి చూసింది కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మాట వచ్చినంత మాత్రాన రాత రాదు

మాట్లాడేటప్పుడు ఎదుటి మనిషి మన పనిలో సగం పంచుకుంటాడు. అర్థం కాకపోతే మొహంలో తెలిసిపోతుంది. మాట దొరక్కపోతే చేత్తో చూపిస్తాం. వాక్యం సగంలో ఆపేసినా అందుకుంటాడు. కాగితం ముందు కూర్చుంటే ఆ సాయమంతా పోతుంది. సొంత భాషలో కూడా అంతే. తెలుగు గలగలా మాట్లాడే పెద్దవాళ్లు బ్యాంకులో ఒక అర్జీ రాయాల్సి వస్తే పక్కనున్న కాలేజీ పిల్లని ‘నువ్వు రాసిపెట్టమ్మా’ అని అడగడం మనకు రోజూ కనిపించేదే.

రెండో భాషలో, అంటే ఇంటి భాష కాకుండా నేర్చుకునే భాషలో, ఈ కష్టం చాలా రెట్లు పెరుగుతుంది. ఏం చెప్పాలి, ఏది ముందు చెప్పాలి, ఆ మాటని ఇంగ్లీషులో ఏమంటారు, దాని స్పెల్లింగ్ ఏంటి, ఇక్కడ ‘గో’నా ‘వెంట్’నా, కాపిటల్ లెటర్ ఎక్కడ పెట్టాలి... ఇవన్నీ ఒకే చేత్తో, ఒకే నిమిషంలో. అమెరికాలో లిండా ఫ్లవర్, జాన్ హేస్ అనే ఇద్దరు పరిశోధకులు రాసేవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని, రాస్తూ రాస్తూ మనసులో ఏం తోస్తే అది పైకి చెప్పమని రికార్డు చేశారు. దాని ఆధారంగా 1981లో ఒక సిద్ధాంతం ప్రచురించారు. ప్లాన్ వేసుకోవడం, దాన్ని వాక్యాల్లోకి దించడం, మళ్లీ చూసుకోవడం అనే మూడు పనులూ ఒకదాని తర్వాత ఒకటిగా జరగవని, కలగాపులగంగా జరుగుతాయని అందులో చూపించారు. చేయి తిరిగినవాళ్లు సగం వాక్యంలో ఆగి ప్లానే మార్చేసుకుంటారు.

మన పిల్లవాడికి అంత తీరిక ఎక్కడిది? కొత్తగా స్కూటీ నేర్చుకునే మనిషికి బ్రేకు, యాక్సిలరేటర్, బ్యాలెన్సు చూసుకోవడంతోనే సరిపోతుంది, ఏ సందులోంచి వెళ్లాలో తర్వాతి మాట. అలాగే ఈ పిల్లల ధ్యాసంతా మాట వెతుక్కోవడానికీ స్పెల్లింగుకీ ఖర్చయిపోతుంది. ఏం చెప్పాలనేదానికీ, రాసింది మళ్లీ చదువుకోవడానికీ ఏమీ మిగలదు. అందుకే గైడు అంత తియ్యగా కనిపిస్తుంది. ఈ చిక్కంతా ఒక్క దెబ్బతో తీరిపోతుంది కదా.

తెలుగు వాక్యం ఒక తీరు, ఇంగ్లీషు వాక్యం ఇంకో తీరు

ఫిబ్రవరిలో ఒకరోజు అదే తరగతిలో ఒక అమ్మాయి ఆదివారం సంగతి రాసింది. చదువులో మధ్యస్థంగా ఉండే పిల్ల, మాట తక్కువ. తన ఇంగ్లీషును ఉన్నదున్నట్టుగా తెలుగు అక్షరాల్లో పెడుతున్నాను: ‘సండే గెటప్ అండ్ టిఫిన్ ఈట్ అండ్ గో టు కల్లం అండ్ మై మదర్ తాలు కాయలు సెపరేట్ అండ్ ఐ హెల్ప్ అండ్ హ్యాండ్స్ బర్నింగ్ అండ్ ఈవెనింగ్ కేమ్ టు హోమ్.’

ఎర్రపెన్ను తీస్తే ఇందులో పది తప్పులు దొరుకుతాయి. కానీ ఆ పిల్ల మనసులో ఉన్న తెలుగు వాక్యం ఎలా ఉంటుందో ఒకసారి చూడండి: ‘ఆదివారం లేచి, టిఫిన్ తిని, కల్లానికి వెళ్లి, అమ్మ తాలు కాయలు ఏరుతుంటే సాయం చేసి, చేతులు మండిపోతుంటే సాయంత్రానికి ఇంటికొచ్చాం.’ ఇది చక్కటి తెలుగు. ఎక్కడా తప్పు లేదు. లేచి, తిని, వెళ్లి, చేసి అనే అసమాపక క్రియలకు కాలంతో పని లేదు, ఎవరు చేశారో చెప్పాల్సిన పనీ లేదు. ఆ బరువంతా చివరున్న ‘వచ్చాం’ మోస్తుంది. జరిగిపోయిన సంగతి అనీ, చేసింది మేమనీ ఆ ఒక్క క్రియ చెప్పేస్తుంది. ఆ అమ్మాయి ఇంగ్లీషులో కూడా సరిగ్గా అదే చేసింది. దారిలో క్రియలన్నీ కాలం లేకుండా వదిలేసి, చివర్లో మాత్రం ‘కేమ్’ అని పెట్టింది. తనకు పాస్ట్ టెన్స్ రాక కాదు, తెలుగులో పెట్టే చోటే పెట్టింది. ఇంగ్లీషులో అలా కుదరదని, ఏ క్రియ కాలం ఆ క్రియే చెప్పుకోవాలని తనకు ఎవరూ విప్పి చెప్పలేదు. టెన్సుల పట్టిక మాత్రం మూడుసార్లు ఇంపోజిషన్ రాయించారు.

అంటే పది తప్పుల వెనక ఉన్న కారణం ఒకటో రెండో. అవి తెలిస్తే చెప్పే తీరు మారుతుంది. ‘ఇక్కడ లేచింది ఎవరు? తిన్నది ఎవరు?’ అని అడిగితే ఆ పిల్లే ‘ఐ’ చేర్చుకుంటుంది. తెలుగులో ‘వచ్చాను’ అంటే చాలు, ‘నేను’ క్రియలోనే ఉంది. ఇంగ్లీషు క్రియలో అది ఉండదు కాబట్టి బయట పెట్టాలి. పదమూడేళ్ల పిల్లలకు ఈ మాట చెప్తే కళ్లు మెరుస్తాయి. తమ భాష గురించి తమకే కొత్త సంగతి తెలిసినట్టు ఉంటుంది.

ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. ‘మా నాన్న రైతు’ అనేది తెలుగులో పూర్తి వాక్యం, అందులో క్రియ అక్కర్లేదు. అందుకే ‘మై ఫాదర్ ఫార్మర్’ అని వస్తుంది. ‘మూడు రోజుల నుంచి జ్వరం’ లోంచి ‘సిన్స్ త్రీ డేస్ ఫీవర్’ వస్తుంది. అన్నింటికన్నా చిక్కు పెట్టేది మన ‘అని’. ‘రేపు వస్తానని అక్క చెప్పింది’ అంటాం. ఆ ‘వస్తాను’ అక్క నోట్లోని మాట, దాన్ని అలాగే ఉంచి ‘అని’తో కట్టేస్తాం. దాన్నే ఇంగ్లీషులో పెట్టి పిల్లలు ‘షి సెడ్ దట్ ఐ విల్ కమ్ టుమారో’ అని రాస్తారు. చదివేవాళ్లకు వచ్చేది అక్కా, ఈ పిల్లా అన్నది తెలియదు. ఇది వ్యాకరణం తప్పుగా కన్నా అర్థం తారుమారయ్యే తప్పుగా చూడాలి. వీటి మీద టైమ్ పెట్టడం న్యాయం. ‘ఎ’, ‘ద’ల సంగతి వేరు. తెలుగులో అలాంటి మాటలే లేవు, ‘ఒక’, ‘ఆ’లతో అవసరమైనప్పుడు పని జరుపుకుంటాం. అందుకే అవి చాలా ఆలస్యంగా ఒంటబడతాయి. ఏళ్ల తరబడి ఇంగ్లీషులో ఉద్యోగం చేసినవాళ్లు కూడా వాటి దగ్గర తడబడతారు. తొమ్మిదో తరగతిలో వాటికోసం కాగితమంతా ఎర్రగా చేయడం అనవసరమని నా అభిప్రాయం.

తప్పుని ఇలా చూడటం ఇంగ్లండ్‌కి చెందిన పిట్ కోర్డర్ అనే భాషావేత్త 1967లో రాసిన ఒక వ్యాసంతో ఊపందుకుంది. నేర్చుకునేవాడు మళ్లీ మళ్లీ ఒకే రకంగా చేసే తప్పు వాడి అశ్రద్ధకు గుర్తు కాదని, ప్రస్తుతం వాడి లోపల ఏ నియమం నడుస్తోందో అది చూపిస్తుందని ఆయన వాదన. 1972లో లారీ సెలింకర్ దానికి ఒక పేరు కూడా పెట్టాడు. తెలుగులో దాన్ని నడిమి భాష అనుకోవచ్చు: సొంత భాషా కాదు, నేర్చుకునే భాషా కాదు, రెంటి మధ్య పిల్లవాడు తనకు తాను కట్టుకున్న ఒక వ్యవస్థ. అన్ని తప్పులూ తెలుగు నుంచే రావని కూడా ఈ చూపుతో తెలుస్తుంది. ‘కమ్డ్’, ‘ఈటెడ్’, ‘గోడ్’ అని రాసే పిల్లలున్నారు. లండన్‌లో పుట్టిన చిన్నపిల్లలు కూడా ఇలాగే అంటారు. అది చూసి నేను ఇప్పుడు సంతోషిస్తాను. ‘ఈడీ’ చేరిస్తే జరిగిపోయిన కాలం వస్తుందన్న నియమం ఆ బుర్రలోకి దిగిందన్నమాట. మినహాయింపులు నెమ్మదిగా వస్తాయి.

వాక్యం దాటి వ్యాసం మొత్తాన్ని కూడా ఇలా పోల్చాలని చూసినవాళ్లున్నారు. అమెరికాలో రాబర్ట్ కప్లన్ 1966లో, విదేశీ విద్యార్థుల రాతలు చూసి, ఇంగ్లీషువాళ్ల ఆలోచన సూటి గీతలా, ఆసియావాళ్లది సుడిలా ఉంటుందని బొమ్మలు గీశాడు. ఆ బొమ్మలు బాగా పేరుపడ్డాయి, అంతకంతా విమర్శలూ వచ్చాయి. నాకూ అది నచ్చదు. మన పిల్లల ఆలోచనలో సుడులేమీ లేవు. చెట్ల మీద వ్యాసం రాయమంటే ‘ప్రాచీన కాలం నుంచీ మానవుడు’ అని మొదలుపెడతారు నిజమే. కానీ ఉపోద్ఘాతం అంటే అలా ఉండాలని తెలుగు పీరియడ్‌లో మనమే చెప్పాం. నేర్పిన నమూనా అది. వేరే నమూనా చూపిస్తే అదీ పట్టుకుంటారు.

పద్ధతులు, వాటి గొడవలు

నేర్పే పద్ధతుల చరిత్ర పెద్దది, క్లుప్తంగా చెప్తాను. 1940ల నుంచి ఇరవై ఏళ్లపాటు రాత అంటే మాట నేర్పడానికి తోకలాంటిది. తప్పు పడకుండా నమూనా వాక్యంలో ఒక్కో మాట మార్చి రాయించేవాళ్లు. హైదరాబాద్‌లో 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ (ఇప్పటి ఇఫ్లూ, అంటే ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) మొదలైన కాలం కూడా ఇదే. మన బళ్లలో ‘సబ్‌స్టిట్యూషన్ టేబుల్స్’ చూసిన పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. తర్వాత 1970, 80ల్లో గాలి మారింది. జానెట్ ఎమిగ్ 1971లో పన్నెండో తరగతి పిల్లలు ఎలా రాస్తారో దగ్గరుండి చూసి పుస్తకం రాసింది. వివియన్ జామెల్ అదే చూపుని రెండో భాషలో రాసేవాళ్ల మీదికి తెచ్చింది. కాగితం మీద తేలింది కాదు, అది తేలే దాకా జరిగిన పని చూడాలి, రఫ్ రాయించాలి, మార్పించాలి, తప్పులు చివర్లో చూసుకోవచ్చు అన్నది వీళ్ల మాట. ఆస్ట్రేలియాలో మైకేల్ హాలిడే అనే భాషావేత్త సిద్ధాంతం ఆధారంగా జిమ్ మార్టిన్ లాంటివాళ్లు దానికి ఎదురు చెప్పారు. ‘నీకు తోచింది రాయి’ అంటే, ఇంట్లో పుస్తకాలున్న పిల్లలు రాస్తారు, లేని పిల్లలు దిక్కులు చూస్తారు. ఉత్తరానికీ, రిపోర్టుకీ, వాదనకీ ఏ కట్టుబడి ఉంటుందో ఆ పిల్లలకు దాచకుండా చూపించాలి అన్నారు.

నేను చూసినంతలో ఈ రెండో మాటలో చాలా న్యాయం ఉంది. మా పిల్లల్లో ఎక్కువమంది ఇళ్లలో క్యాలెండర్, కరెంటు బిల్లు తప్ప అచ్చుకాగితం ఉండదు. డైరీ అనేది ఒకరు రాసుకుంటారని వాళ్లు పాఠ్యపుస్తకంలోనే మొదటిసారి వింటారు. పదేళ్లకు పైగా మన రెండు రాష్ట్రాల ఇంగ్లీషు పుస్తకాల్లో డిస్‌కోర్సుల పేరుతో డైరీ, ఉత్తరం, సంభాషణ, న్యూస్ రిపోర్టు, బయోగ్రఫికల్ స్కెచ్ లాంటివి వచ్చాయి. ఆ ఆలోచన చాలా మంచిది. రాతకు ఒక ప్రయోజనం, ఒక చదివే మనిషి ఉండాలని అందులో ఉంది. పరీక్ష దగ్గరకు వచ్చేసరికి ఫార్మాట్‌కు మార్కులు, తేదీకి మార్కులు అయిపోయి, లోపలిది మళ్లీ గైడులోంచే వస్తోంది. ‘డియర్ డైరీ, టుడే ఈజ్ ఎ మెమరబుల్ డే’ అని నలభైమంది రాస్తే, అది కూడా చూచిరాతే.

ఒకటి మాత్రం అన్ని పద్ధతులకూ ముందు ఉండాలి, అది చదవడం. 1980ల మొదట్లో ఫిజీ దీవుల పల్లె బళ్లలో వార్విక్ ఎలీ, ఫ్రాన్సిస్ మంగుభాయ్ కలిసి ఒక ప్రయోగం చేశారు. నాలుగు, ఐదు తరగతుల్లోకి 250 దాకా బొమ్మల కథల ఇంగ్లీషు పుస్తకాలు పంపించి రోజూ చదివించారు. మొదట చదవడం మెరుగైంది. రెండో ఏడాదికి ఆ పిల్లలు రాయడంలో కూడా మిగతా బళ్ల పిల్లల్ని దాటిపోయారు. చెవిలో, కంట్లో ఇంగ్లీషు పడనిదే చేతిలోంచి ఎలా వస్తుంది? గుప్పెడు కథల పుస్తకాలు క్లాసులో అందుబాటులో పెట్టడం, బోర్డు మీద ఎన్ని రూల్స్ రాసినదానికన్నా మేలు చేస్తుంది.

వందేళ్ల కింద కూడా ఇదే గొడవ

ఈ విషయం చదువుతున్నప్పుడు నాకు పదే పదే గిడుగు రామమూర్తి గుర్తుకొచ్చారు. వ్యావహారిక భాషా ఉద్యమాన్ని మనం కవుల గొడవగా గుర్తుపెట్టుకున్నాం కానీ, అది బళ్లో పిల్లల కాంపోజిషన్ పేపర్ మీద మొదలైన గొడవ. అప్పటి తెలుగు పిల్లలు తాము మాట్లాడే తెలుగులో రాస్తే తప్పు, ఎవరూ మాట్లాడని గ్రాంథికంలో రాస్తే ఒప్పు. ఒక రకంగా వాళ్లకు రాతలో తెలుగే రెండో భాష అయింది. ఫలితం కూడా ఇప్పటిలాగే ఉండేది: పిల్లలు తమ మాటలు మింగేసి, పుస్తకాల్లోంచి బట్టీ పట్టిన వాక్యాలు అతికించేవాళ్లు. గురజాడ అప్పారావు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన తెలుగు కాంపోజిషన్ ఉపసంఘం నివేదికతో విభేదిస్తూ అసమ్మతి పత్రం రాసింది కూడా ఈ సమస్య మీదే.

గిడుగువారు అంతకుముందే ఇంకో పని చేశారు. పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం సవరలోనే పాఠపుస్తకాలు తయారుచేసి బడి పెట్టారు. ఇంట్లో మాట్లాడే భాషలో అక్షరం పడితే ఆ తర్వాత ఇంకే భాషైనా ఎక్కుతుందని ఆయనకు అప్పుడే తెలుసు. కెనడాలో జిమ్ కమిన్స్ ఇంచుమించు ఇదే మాటని 1979లో సిద్ధాంతంగా చెప్పాడు: ఒక భాషలో చదవడం, రాయడం, వాదించడం బాగా వచ్చినవాడు ఆ శక్తిని రెండో భాషలోకి పట్టుకుపోతాడు. తెలుగులో నాలుగు మాటలు వరసగా పేర్చి ఒక సంగతి చెప్పలేని పిల్లవాడు, ఇంగ్లీషు మీడియంలోకి మారినంత మాత్రాన ఇంగ్లీషులో చెప్పలేడు.

ఇది ఇప్పుడు మనకు మరీ అవసరమైన సంగతి. రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ బళ్లు ఇంగ్లీషు మీడియం వైపు వెళ్లాయి. తెలంగాణలో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా మొదలుపెట్టారు. రెండు చోట్లా ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుతో పుస్తకాలు వేశారు. ఇంగ్లీషు కావాలని తల్లిదండ్రులు అడగడంలో తప్పేమీ లేదు, నేను కూడా ఆ పక్షమే. కానీ చాలా క్లాసుల్లో ఆ తెలుగు పేజీని దాచిపెట్టినట్టు చూస్తారు. ‘తెలుగులో ఆలోచించకండి, ఇంగ్లీషులో ఆలోచించండి’ అని పిల్లల్ని మందలిస్తారు. రాని భాషలో ఎవరైనా ఎలా ఆలోచిస్తారు? బాగా రాసే పెద్దవాళ్లు కూడా చిక్కు వచ్చిన చోట సొంత భాషలోకి వెళ్లి తేల్చుకుని వస్తారు. మొదటి ఆలోచన తెలుగులో రానిస్తే ‘ఏం చెప్పాలి’ అనే బరువు తగ్గుతుంది, మిగిలిన ధ్యాస ఇంగ్లీషు వాక్యానికి దొరుకుతుంది. తెలుగులో వ్యాసం మొత్తం రాసి మాటకు మాట మార్చమని నేను అనడం లేదు, అలా చేస్తే పైన చెప్పిన ‘అండ్’ల గొలుసే వస్తుంది. మాట్లాడుకోవడం తెలుగులో, వాక్యం కట్టడం ఇంగ్లీషులో.

ఎర్రపెన్ను సంగతి

దిద్దడం వల్ల ఉపయోగం ఉందా లేదా అన్న దాని మీద పెద్ద తగాదానే నడిచింది. 1996లో జాన్ ట్రస్కాట్ అనే పరిశోధకుడు, రెండో భాషలో రాసేవాళ్ల వ్యాకరణం తప్పులు దిద్దడం వల్ల లాభం లేదని, పైగా నష్టమని, ఆ పని మానేయాలని రాశాడు. దిద్దే కొద్దీ పిల్లలు భయపడి చిన్న చిన్న వాక్యాలకు, తెలిసిన మాటలకు పరిమితమైపోతారన్నది ఆయన వాదనల్లో ఒకటి. 1999లో డానా ఫెరిస్ దానికి జవాబిచ్చింది: కొన్ని తప్పులు ఎంచుకుని, స్పష్టంగా చూపిస్తే పిల్లలు బాగుపడతారు, పిల్లలు కూడా అదే కోరుకుంటున్నారు. ఆ తర్వాత వచ్చిన పరిశోధనలు ఎక్కువగా ఫెరిస్ వైపే మొగ్గాయి, ముఖ్యంగా ఒకటి రెండు రకాల తప్పుల మీదే దృష్టి పెట్టి దిద్దిన చోట.

నా అనుభవం కూడా అదే చెబుతుంది. ట్రస్కాట్ చెప్పిన భయం మాత్రం అక్షరాలా నిజం. పేజీ నిండా సున్నాలు చుట్టి ఇస్తే పిల్లలు మార్కు చూసి పుస్తకం మూసేస్తారు. మర్నాటి నుంచి ఇంకా చిన్న వాక్యాలు రాస్తారు, ఆ తర్వాత గైడు. ఇప్పుడు నేను ముందు లోపలి సంగతి మీద ఒక ప్రశ్న రాస్తాను, ఒక్కోసారి తెలుగులోనే: ‘కల్లం దగ్గర ఘాటుకి తుమ్ములు రాలేదా?’ తన రాతని ఎవరో నిజంగా చదివారని దాంతో తెలుస్తుంది. ఆ తర్వాత ఒకే ఒక రకం తప్పు ఎంచుకుంటాను. ఆ వారం అది క్రియల కాలం అయితే దాన్నే దిద్దుతాను, ‘ద’ వదిలేస్తాను, స్పెల్లింగ్ వదిలేస్తాను. తల్లిదండ్రుల మీటింగ్‌లో ఒకసారి ఒక నాన్న ‘మేడం, ఇన్ని తప్పులుంటే దిద్దలేదేంటి’ అని అడిగారు. కష్టమైన ప్రశ్నే. ఇప్పుడు ఏది నేర్పుతున్నానో చూపించి, పాత పేజీ, కొత్త పేజీ పక్కపక్కన పెట్టి చెప్పాను.

నలభై రెండు మంది ఉన్న క్లాసులో, నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో ఇదంతా ఎలా కుదురుతుందని అడుగుతారు. రోజూ కుదరదు. పదిహేను రోజులకు ఒక రాత చాలు, దానికి మూడు నాలుగు పీరియడ్లు ఇవ్వాలి. ముందు పక్కవాళ్లకి తెలుగులో చెప్పుకోవడం. తర్వాత నేను బోర్డు మీద అందరి ముందూ ఒక పేరా రాస్తాను, కొట్టేస్తూ, మార్చుకుంటూ, ‘ఇక్కడ ఎవరో తెలియడం లేదు కదా’ అని పైకే అనుకుంటూ. టీచరు కూడా కొట్టివేతలతోనే రాస్తుందని చూడటం వాళ్లకు పెద్ద ఊరట. తర్వాత రఫ్, లైను విడిచి లైను, రబ్బరు వాడకుండా. మాట దొరక్కపోతే తెలుగు మాటే పెట్టుకోవచ్చు. తర్వాత పక్కవాళ్లు చదివి రెండు ప్రశ్నలు అడగాలి, తప్పులు వెతక్కూడదు. ఫెయిర్ ఆ తర్వాత. నా దగ్గరకు వచ్చేది అప్పుడే.

కల్లం అమ్మాయి రఫ్‌ని పక్క బెంచీ పిల్ల చదివింది. ఆ పిల్ల వాళ్ల నాన్న టౌన్‌లో ఆటో నడుపుతారు, వాళ్లకు పొలం లేదు. ‘తాలు కాయ అంటే ఏంటే? దాన్ని ఎందుకు ఏరతారు?’ అని అడిగింది. కల్లం పిల్ల నోట మాట రాలేదు. అది తెలియని మనుషులుంటారని తనకు అంతవరకూ తోచలేదు. లేచి నా దగ్గరికి వచ్చింది. ‘మేడం, తాలుకి ఇంగ్లీషులో ఏమంటారు?’

నాకూ ఒక్క మాటలో దొరకలేదు. ‘నువ్వే చెప్పు, ఎట్లా ఉంటది?’ అన్నాను.

‘ఎర్రగా ఉండాల్సింది తెల్లగా పోద్ది మేడం. రేటు రాదు. కలిస్తే మొత్తానికి రేటు పడిపోద్ది. మా అమ్మ చూడకుండానే చెప్పుద్ది, చేత్తో పట్టుకుంటే చాలు.’

‘ఇదే రాయి.’

రెండు రోజులకు ఫెయిర్ ఇచ్చింది. ‘అండ్’లు రెండే మిగిలాయి. ‘గెటప్’ అన్నది ‘ఐ గాట్ అప్’ అయింది, ‘వెంట్’ వచ్చింది, ‘సాట్’ వచ్చింది. రెండు మూడు చోట్ల ‘ద’ లేదు. మధ్యలో కొత్త పేరా ఒకటి చేర్చింది. ‘తాలు ఈజ్ ఎ చిల్లీ. బట్ ఇట్ లాస్ట్ ఇట్స్ రెడ్. ఇఫ్ వన్ తాలు ఈజ్ దేర్, బయర్ విల్ గివ్ లెస్ మనీ ఫర్ ఫుల్ బ్యాగ్. మై మదర్ సిట్స్ ఇన్ సన్ అండ్ ఫైండ్స్ ఎవ్రీ తాలు. షి కెన్ ఫైండ్ ఇట్ విత్ క్లోజ్డ్ ఐస్ ఆల్సో.’

చివరి వాక్యంలో ఆ ‘ఆల్సో’ తెలుగుది. ‘కళ్లు మూసుకుని కూడా’ అన్నదాంట్లోని ‘కూడా’. ఇంగ్లీషులో అక్కడ అది ఉండదు. దాన్ని సున్నా చుట్టకుండా వదిలేశాను.